అంకె ఒకటే – కారణాలు అనేకం

“మా అమ్మకు థైరాయిడ్ ఉంది”, “మా పిన్నికి థైరాయిడ్ వచ్చింది” అనే మాటలు మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. కాస్త ఆలోచిస్తే ఈ మాటలు తమాషాగా ఉంటాయి. థైరాయిడ్ అనేది రోగం పేరు కాదు గదా! అది మన మెడలో ఉండే ఒక గ్రంథి పేరు. మీ పాఠ్యపుస్తకంలో దీనినే అవటు గ్రంథి అన్నారు. అది మీకూ ఉంది, నాకూ ఉంది. లేకపోతేనే చిక్కు!

ఈ గ్రంథి ఒక్కొక్కప్పుడు మందగిస్తుంది. ఒక్కొక్కప్పుడు హద్దుమీరి పనిచేస్తుంది. మందగించడం గురించి అందరికీ కొంత తెలుసు. రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఈసారి మనం రెండోదాని గురించి, అంటే గ్రంథి అతిగా పనిచేయడం గురించి తెలుసుకుందాం.

ఇది పెద్దవాళ్ళ విషయం, మాకెందుకు అంటారేమో. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఇంగ్లీషు చదవగలిగేది బడికి వెళ్ళే పిల్లలే. రక్తపరీక్ష రిపోర్టు రాగానే “ఏమి రాసిందో చూడు నాయనా” అని మీ చేతికే ఇస్తారు. మీరు దాని మీద ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని వేసిన గుర్తులు చూసి పైకి చదువుతారు. ఆ మాట విని ఇంట్లోవాళ్ళు భయపడతారు. లేదా “ఇప్పుడు బాగానే ఉందిగా” అని మందు మానేస్తారు. కాబట్టి ఆ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో మీకు తెలిసి ఉండాలి.

ఇరవై గ్రాముల గ్రంథి

గొంతు ముందుభాగాన, స్వరపేటికకు కాస్త కింద, శ్వాసనాళానికి అటూ ఇటూ రెండు తమ్మెలతో ఉంటుంది థైరాయిడ్. బరువు 15 నుండి 20 గ్రాములు. మనం తినే ఆహారం నుంచి అయొడిన్‌ను ఏరి తెచ్చుకుని దానితో హార్మోన్లు తయారుచేస్తుంది. వాటిలో ముఖ్యమైనవి రెండు. నాలుగు అయొడిన్ పరమాణువులు ఉన్నది థైరాక్సిన్, దీనినే టి-4 అంటారు. మూడు ఉన్నది టి-3. గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టి-4. శరీర భాగాలలో అది ఒక అయొడిన్ పరమాణువును వదిలి టి-3గా మారుతుంది. చురుకుగా పనిచేసేది ఈ టి-3యే.

ఇంతకీ ఈ హార్మోన్లు ఏం చేస్తాయి? శరీరం తిన్నదాన్ని ఏ వేగంతో ఖర్చుపెట్టాలో నిర్ణయిస్తాయి. గుండె కొట్టుకునే వేగం, ఒంట్లో పుట్టే వేడి, పేగుల కదలిక, పిల్లల్లో పెరుగుదల, మెదడు ఎదుగుదల – వీటన్నిటిలోనూ వాటి చెయ్యి ఉంది. పొయ్యిలో మంట ఎగదోయడం, తగ్గించడం లాంటి పని అన్నమాట.

వాటి బలం ఎంతో తెలుసుకోవాలంటే వానాకాలంలో శామీర్‌పేట చెరువు గట్టుకో, మీ ఊరి కుంట దగ్గరికో వెళ్ళి తోకకప్పలను చూడండి. మామూలుగా అవి కొన్ని వారాలు నీటిలో ఈది, కాళ్ళు వచ్చి, తోక కరిగిపోయి కప్పలవుతాయి. 1912లో గుడెర్‌నాట్ష్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు జంతువుల థైరాయిడ్ ముక్కలు తినిపించాడు. అవి ఇంకా పెరగవలసిన వయసులోనే గబగబా కాళ్ళు తెచ్చుకుని బుల్లి కప్పలైపోయాయి! తర్వాత మరికొందరు తోకకప్పల థైరాయిడ్‌ను తీసివేసి చూశారు. అవి పెరిగి పెద్దవైనాయే గాని కప్పలు కాలేదు. కప్పకైనా, మనిషికైనా ఈ హార్మోను తగినంతే ఉండాలి.

ట్యాంకు, మోటారు, వాటర్‌మన్

తగినంత ఉందో లేదో చూసేదెవరు? మీ ఊళ్ళో నీళ్ళ ట్యాంకును తలచుకోండి. ట్యాంకులో నీళ్ళు తగ్గితే వాటర్‌మన్ వచ్చి మోటారు వేస్తాడు. నిండితే ఆపేస్తాడు. మన శరీరంలో రక్తమే ట్యాంకు. అందులోని టి-4, టి-3లే నీళ్ళు. థైరాయిడ్ గ్రంథి మోటారు. మెదడు కింద శనగగింజంత ఉండే పీయూష గ్రంథి వాటర్‌మన్. మోటారు నడవమని అది పంపే ఆజ్ఞ పేరు టి.ఎస్.హెచ్., అంటే థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను.

రక్తంలో టి-4 తగ్గితే పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్.ను పెంచుతుంది. టి-4 ఎక్కువైతే టి.ఎస్.హెచ్.ను తగ్గిస్తుంది. అందుకే రిపోర్టులో ఈ రెండు అంకెలు తక్కెడ పళ్ళాల్లా ఒకటి పైకి వెళితే ఒకటి కిందికి వస్తాయి. టి.ఎస్.హెచ్. తక్కువ అని చూసి “థైరాయిడ్ తక్కువైంది” అనుకునేవారు ఎంతోమంది. చాలాసార్లు విషయం దానికి సరిగ్గా తలకిందులు!

ఇక్కడ ఇంకో విశేషం ఉంది. ఈ వాటర్‌మన్ మహా సున్నితమైనవాడు. రక్తంలో టి-4 రెట్టింపైతే టి.ఎస్.హెచ్. సగం కాదు, సుమారు నూరోవంతుకు పడిపోతుంది. 2 ఉన్నది 0.02 అవుతుంది. అందువల్లనే డాక్టర్లు మొట్టమొదట టి.ఎస్.హెచ్. పరీక్ష రాస్తారు. పెద్దవారిలో అది సుమారు 0.4 నుండి 4 వరకు ఉండడం మామూలు. ఈ హద్దులు ఒక్కొక్క లేబొరేటరీలో కొద్దిగా మారతాయి.

దొంగ తాళంచెవి

అతిగా పనిచేసే థైరాయిడ్‌కు ఎక్కువమందిలో కారణం గ్రేవ్స్ వ్యాధి. 1835లో ఐర్లండు దేశపు డాక్టరు రాబర్ట్ గ్రేవ్స్ దీనిని వర్ణించాడు. 1840లో జర్మనీలో బాసెడో వర్ణించాడు. ఇది మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ. పిల్లలకూ రావచ్చు. అయితే ఈ వ్యాధిలో మోటారును ఎవరు నడుపుతున్నారన్నది నూరేళ్ళు దాటినా తెలియలేదు. 1956లో న్యూజిలాండులో ఆడమ్స్, పర్వెస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రోగుల రక్తంలో ఒక వింత పదార్థాన్ని కనిపెట్టారు. అది గినీపందుల థైరాయిడ్‌ను టి.ఎస్.హెచ్. కంటే ఎక్కువసేపు పనిచేయించింది. తర్వాత తేలిందేమంటే, అది ఒక యాంటీబాడీ!

యాంటీబాడీ అంటే మీకు తెలుసు. బయటినుంచి వచ్చిన సూక్ష్మజీవులను పట్టుకోవడానికి మన శరీరం తయారుచేసుకునే ప్రోటీను. దీనిని పుట్టించడం కోసమే టీకాలు వేస్తారు. మేడ్చల్ వాళ్ళకు ఇది ఇంటి సంగతే. జన్యువులను మార్చే పద్ధతిలో మన దేశంలో మొదటిసారిగా హెపటైటిస్-బి టీకాను తయారుచేసి 1997లో విడుదల చేసిన శాంతా బయోటెక్నిక్స్ కర్మాగారం మేడ్చల్ దగ్గరే వెలసింది. ఆ టీకా వేసుకున్నవారి రక్తంలో వైరస్ పైపొరను గుర్తుపట్టే యాంటీబాడీలు పుడతాయి. మంచి కాపలావాళ్ళు.

గ్రేవ్స్ వ్యాధిలో ఈ కాపలావాళ్ళు పొరబడతారు. థైరాయిడ్ కణాల మీద టి.ఎస్.హెచ్. వచ్చి తగిలే చోటు ఒకటి ఉంది. దానిని గ్రాహకం అంటారు. దారితప్పిన యాంటీబాడీ ఆ చోట సరిగ్గా పట్టి, దొంగ తాళంచెవిలా మోటారును నడిపిస్తుంది. ట్యాంకు పొంగుతున్నదని చూసి వాటర్‌మన్ ఎప్పుడో స్విచ్చి వదిలేశాడు, అంటే టి.ఎస్.హెచ్. సున్నాకు దగ్గరైంది. అయినా మోటారు ఆగదు.

అప్పుడు మనిషిలో ఏం కనబడుతుంది? బాగా తింటున్నా బరువు తగ్గుతారు. చలికాలంలో కూడా చెమటలు పోస్తాయి. గుండె దడదడలాడుతుంది. చేతివేళ్ళు సన్నగా వణుకుతాయి. నిద్ర పట్టదు. ఊరికే కోపం వస్తుంది. విరేచనాలు ఎక్కువవుతాయి. మెడ ముందు వాపు కనబడవచ్చు. గ్రేవ్స్ వ్యాధి ఉన్న కొందరిలో కళ్ళు ముందుకు పొడుచుకు వస్తాయి. బడిపిల్లల్లో ఇది వేరే రూపంలో బయటపడుతుంది. బాగా చదివే పిల్లకు మార్కులు తగ్గుతాయి, చేతిరాత వంకరపోతుంది, ఒకచోట కుదురుగా కూర్చోలేదు. పొగరనో, బద్ధకమనో తిట్టేముందు నాడి పట్టి చూడవలసిన సందర్భాలు ఇవి.

పట్టించుకోకుండా వదిలేస్తే గుండె లయ తప్పుతుంది. ఎముకలు బలహీనపడతాయి. అమెరికా అధ్యక్షుడుగా ఉన్న జార్జి బుష్ (పెద్దాయన) 1991లో పరుగుతీస్తుండగా గుండె లయ తప్పి ఆసుపత్రి పాలయ్యాడు. వెతికితే కారణం గ్రేవ్స్ వ్యాధి అని తేలింది. ఆయన భార్యకు అదే వ్యాధి అంతకు రెండేళ్ళ ముందే బయటపడింది!

మెడ వాపు ఉన్నదంటే గ్రంథి అతిగా పనిచేస్తున్నట్లేనా? అదీ చెప్పలేం. ఆహారంలో అయొడిన్ చాలకపోయినా గ్రంథి వాస్తుంది. ముడిసరుకు లేని మోటారు మీద వాటర్‌మన్ పదే పదే స్విచ్చి నొక్కుతాడు, అది ఉబ్బిపోతుంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి తన సహచరులతో కలిసి హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో దీని మీద పనిచేశారు. కొన్ని ప్రాంతాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు పంపి, బడిపిల్లల మెడలు పరీక్షించారు. అయొడిన్ ఉప్పు తిన్నచోట వాపులు బాగా తగ్గాయి. ఈనాడు మన వంటింట్లో ఉన్న ఉప్పు పొట్లం వెనుక ఆ కృషి ఉంది. చూశారా, వాపు ఒకటే అయినా కారణాలు వేరు. రిపోర్టులోని అంకెల సంగతీ అంతే.

ఒకే రిపోర్టు, ఐదు కథలు

ఒక రిపోర్టు వచ్చిందనుకుందాం. టి.ఎస్.హెచ్. 0.01 ఉంది, బాగా తక్కువ. టి-4 ఎక్కువ. ట్యాంకు పొంగుతోంది, వాటర్‌మన్ చేతులెత్తేశాడు. ఇంతవరకే ఈ రెండు అంకెలు చెబుతాయి. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పవు. ఆ కారణాలు ఇవి కావచ్చు:

ఒకటి, పైన చెప్పిన దొంగ తాళంచెవి – గ్రేవ్స్ వ్యాధి.

రెండు, గ్రంథిలో ఒక గడ్డ పుట్టి ఎవరి ఆజ్ఞా లేకుండా తానే హార్మోను తయారుచేయడం. మోటారు తీగలు కలిసిపోయి అదే తిరుగుతున్నట్లు.

మూడు, గ్రంథికి వాపు వచ్చి, లోపల నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోవడం. థైరాయిడ్‌లో రెండు మూడు నెలలకు సరిపడే సరుకు నిల్వ ఉంటుంది. వైరస్ జ్వరం తర్వాత, కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుంది. మోటారు నడవడమే లేదు, నిల్వతొట్టి పగిలింది! నిల్వ అయిపోగానే హార్మోను తగ్గిపోయి, కొన్నాళ్ళు మందగించి, చాలామందిలో గ్రంథి తిరిగి కోలుకుంటుంది.

నాలుగు, థైరాక్సిన్ మాత్రలు అవసరానికి మించి వేసుకోవడం. ఊరి మోటారుతో పని లేకుండా ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి పోస్తున్నారన్నమాట.

ఐదు, అసలు నీళ్ళు పొంగనే లేదు, నీటిమట్టం చూపే గుర్తే తప్పు చూపుతోంది. ఈ వింత కథ ముందు వస్తుంది.

ఇవి కాక, గర్భిణులకు మొదటి మూడు నెలల్లో శరీరంలో పెరిగే ఒక హార్మోను టి.ఎస్.హెచ్.ను పోలి ఉండి గ్రంథిని కొంత కదిలిస్తుంది. అందువల్ల టి.ఎస్.హెచ్. తగ్గడం వారిలో సహజమే కావచ్చు.

కారణాన్ని బట్టి వైద్యం మారుతుంది. హార్మోను తయారీని ఆపే మందు గ్రేవ్స్ వ్యాధిలో పనిచేస్తుంది. నిల్వ కారిపోతున్నవారికి ఆ మందు ఇస్తే ఏం లాభం? తయారీ ఆగే ఉంది గదా! అందుకే డాక్టరు ఇంకో రెండు విషయాలు చూస్తాడు. దొంగ తాళంచెవి యాంటీబాడీ ఉందా అని రక్తపరీక్ష చేయిస్తాడు. లేదా గ్రంథి చేత అతి కొద్దిగా రేడియోధార్మిక పదార్థాన్ని పీల్పించి బొమ్మ తీయిస్తాడు. గ్రేవ్స్‌లో గ్రంథి మొత్తం దాన్ని ఆబగా పీల్చుకుంటుంది. గడ్డ ఉంటే ఆ ఒక్కచోటే మెరుస్తుంది. నిల్వ కారుతుంటే దాదాపు ఏమీ పీల్చదు. ఈ బొమ్మ తీయడం ప్రతిచోటా కుదరదు. హైదరాబాదులో నిమ్స్ లాంటి, న్యూక్లియర్ వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులకు మాత్రం ఈ పరీక్ష చేయరు.

యంత్రాన్ని మోసగించిన విటమిన్

ఇప్పుడు ఐదో కథ. రక్తంలో విడిగా తిరిగే టి-4 ఎంతో ఊహించగలరా? మిద్దె మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులో గ్రాములో సుమారు లక్షోవంతు కలిపితే ఎంతో, అంత! ఇంత కొద్ది పదార్థాన్ని కొలవడం ఒకప్పుడు అసాధ్యం. 1950ల చివర అమెరికాలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ యాంటీబాడీలనే కొలబద్దగా వాడే ఉపాయం కనిపెట్టారు. దానికి యాలోకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ అప్పటికే చనిపోయాడు. చిత్రం చూడండి. రోగం తెచ్చేది యాంటీబాడీ, రోగాన్ని కొలిచేదీ యాంటీబాడీయే!

నేటి యంత్రాలలో చాలావాటిలో జరిగేది ఇది. టి.ఎస్.హెచ్.ను చెరోవైపు పట్టుకునే రెండు యాంటీబాడీలను రక్తంలో కలుపుతారు. ఒకదానికి వెలుగునిచ్చే పదార్థం తగిలించి ఉంటుంది. రెండోదానికి బయోటిన్ అనే విటమిన్‌ను తోకలా అతికిస్తారు. తర్వాత స్ట్రెప్టవిడిన్ అనే ప్రోటీను పూసిన సన్నని పూసలను వదులుతారు. బయోటిన్ కనబడితే ఆ ప్రోటీను పట్టుకుని వదలదు. అలా టి.ఎస్.హెచ్. గొలుసులన్నీ పూసలకు అంటుకుంటాయి. మిగిలినదంతా కడిగివేసి, పూసల మీది వెలుగు కొలుస్తారు. వెలుగు ఎక్కువైతే టి.ఎస్.హెచ్. ఎక్కువ.

టి-4 చాలా చిన్న అణువు. రెండువైపులా పట్టుకోవడానికి చోటు చాలదు. అందుకని పోటీ పెడతారు. వెలుగు తగిలించిన యాంటీబాడీల కోసం రోగి రక్తంలోని టి-4, బయోటిన్ తోక తగిలించిన టి-4 పోటీపడతాయి. రోగి టి-4 ఎక్కువగా ఉంటే పూసలకు చేరే వెలుగు తగ్గుతుంది. ఇక్కడ వెలుగు తక్కువైతే టి-4 ఎక్కువ అన్నమాట.

ఇప్పుడు ఒకామె జుట్టు రాలుతున్నదని మందుల షాపులో బయోటిన్ మాత్రలు కొని వాడుతున్నదనుకోండి. మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు. ఆ మాత్రలో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు ఉండవచ్చు. లెక్క వేయండి, 300 రెట్లకు పైనే! ఆమె రక్తంలో తిరుగుతున్న ఈ బయోటిన్ పూసల మీది చోట్లన్నీ ముందుగా ఆక్రమిస్తుంది. మేడ్చల్ బస్సు ఎక్కబోయేసరికి సీట్లన్నీ తువ్వాళ్ళు వేసి ఆపి ఉంచినట్లు! తోకగల గొలుసులకు చోటు దొరకక అవి కడుగులో కొట్టుకుపోతాయి. రెండు పరీక్షల్లోనూ వెలుగు తగ్గుతుంది. యంత్రం ఏమనుకుంటుంది? మొదటి పరీక్షలో ‘టి.ఎస్.హెచ్. తక్కువ’, రెండో పరీక్షలో ‘టి-4 ఎక్కువ’. అచ్చం గ్రేవ్స్ వ్యాధి రిపోర్టే! గ్రేవ్స్ యాంటీబాడీ పరీక్ష కూడా కొన్ని యంత్రాలలో ఇలాగే మోసపోతుంది.

ఇది ఊహ కాదు. పుట్టుకతో వచ్చిన వేరే జబ్బు కోసం చాలా ఎక్కువ మోతాదులో బయోటిన్ వాడుతున్న ఆరుగురు పిల్లల రిపోర్టులు సరిగ్గా ఇలాగే వచ్చాయని 2016లో జర్మనీ డాక్టర్లు ప్రకటించారు. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక జారీచేసింది.

అన్ని యంత్రాలూ ఈ పద్ధతి వాడవు. అందుకే ఒకే మనిషి రక్తం ఒక లేబొరేటరీలో ఒకలా, మరో లేబొరేటరీలో మరోలా రావచ్చు. పరిష్కారం తేలికే. మామూలు జుట్టు మాత్రలైతే కనీసం రెండు రోజులు ఆపి మళ్ళీ పరీక్ష చేయించాలి. మోతాదు ఎక్కువైతే ఎన్నాళ్ళు ఆపాలో డాక్టరు చెబుతారు. అసలు ముఖ్యమైన పని దానికంటే ముందుది. వాడుతున్న ప్రతి మాత్ర పేరూ, విటమిన్ అయినా సరే, డాక్టరుకు చెప్పాలి.

మందు మొదలయ్యాక

గ్రేవ్స్ వ్యాధి అని తేలితే సాధారణంగా కార్బిమజోల్ లేదా మెథిమజోల్ మాత్రలు ఇస్తారు. 1943లో ఆస్ట్‌వుడ్ అనే డాక్టరు ఇలాంటి మందులతో వైద్యానికి దారిచూపాడు. ఇవి కొత్త హార్మోను తయారీని ఆపుతాయి. అప్పటికే నిల్వ ఉన్నదాన్ని ఆపలేవు. పైగా రక్తంలోని టి-4 సగం తరగడానికే కొన్ని రోజులు పడుతుంది. అందుకని మాత్ర వేసుకున్న మర్నాడే గుణం కనబడదు. నాలుగు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఆలోగా దడ, వణుకు తగ్గడానికి వేరే మాత్ర ఇస్తారు.

రెండో చిక్కుముడి ఇక్కడే వస్తుంది. ఆరు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే టి-4 మామూలుకు వచ్చింది. టి.ఎస్.హెచ్. మాత్రం ఇంకా 0.01 లోనే ఉంది. “మందు పనిచేయలేదు” అని ఇంట్లో దిగులు. నిజానికి మందు పనిచేసింది. నెలల తరబడి పొంగిన ట్యాంకును చూసి మూలన కూర్చున్న వాటర్‌మన్ తిరిగి లేచి పనిలోకి రావడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఈ కాలంలో డాక్టర్లు టి-4, టి-3లను నమ్ముకుంటారు. టి.ఎస్.హెచ్. ఒక్కదాన్ని చూసి మందు పెంచుకుంటూ పోతే గ్రంథి పూర్తిగా మందగించి, మనిషి ఉబ్బి, మగతగా అయిపోతారు. టి-4 ఒక్కదాన్ని చూసి “నయమైంది” అని మానేస్తే దొంగ తాళంచెవి అక్కడే ఉంది గనుక రోగం తిరిగి వస్తుంది. మామూలుగా 12 నుండి 18 నెలలు వాడాలి. ఆ తర్వాత కూడా సుమారు సగంమందిలో మళ్ళీ రావచ్చు.

ఈ మందు వాడేవారి ఇంట్లో అందరూ గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఒకటుంది. చాలా అరుదుగా ఇది సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. జ్వరంతోపాటు గొంతునొప్పి గాని, నోటిలో పుండ్లు గాని వస్తే మామూలు జలుబే అనుకోకుండా ఆ మాత్ర ఆపి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళి రక్తకణాల పరీక్ష చేయించాలి. కళ్ళు పచ్చబడినా అంతే.

మాత్రలతో లొంగకపోతే రేడియోధార్మిక అయొడిన్ తాగించే వైద్యం ఉంది. 1941లో అమెరికాలో సాల్ హెర్ట్జ్ మొదలుపెట్టాడు. గ్రంథి దానిని తన ముడిసరుకే అనుకుని పీల్చుకుంటుంది. లోపలినుంచి వచ్చే కిరణాలు అతిగా పనిచేసే కణాలను నశింపజేస్తాయి. మన దేశంలో ముంబయి దగ్గర ట్రాంబేలో తయారయ్యే ఈ అయొడిన్-131 అర్ధజీవితకాలం 8 రోజులు. ఎనిమిది రోజులకు సగం, పదహారు రోజులకు పావు మిగులుతుంది. అందుకే తాగినవారిని కొన్నాళ్ళు చంటిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండమంటారు. మరో మార్గం శస్త్రచికిత్స. ఈ రెండిటి తర్వాత చాలామంది జీవితాంతం థైరాక్సిన్ మాత్ర వేసుకోవలసి ఉంటుంది. కళ్ళకు ఇబ్బంది ఉన్నవారు పొగతాగడం మానాలి. పొగ ఆ జబ్బును ఎక్కువ చేస్తుంది.

మీ చేతికి రిపోర్టు వస్తే

మొదట అంకె పక్కన ఉన్న ప్రమాణం చూడండి. విడి టి-4 ఒక రిపోర్టులో డెసిలీటరుకు 1.2 నానోగ్రాములు అని, మరో రిపోర్టులో లీటరుకు 15.4 పికోమోల్స్ అని ఉండవచ్చు. రెండూ ఒకటే! వంద పైసలూ, ఒక రూపాయీ లాగా. అలాగే ‘మొత్తం టి-4’ వేరు, ‘విడి టి-4’ వేరు. మొత్తం టి-4 మైక్రోగ్రాములలో 8 ఉంటే మామూలే. దాన్ని విడి టి-4 హద్దులతో పోలిస్తే గుండె గుభేలుమంటుంది.

తర్వాత పాత రిపోర్టులన్నీ తేదీల వరుసన పెట్టండి. ఎదురుగా అప్పటి బరువు, నాడి వేగం, వాడుతున్న మాత్రలు రాయండి. ఆ ఒక్క కాగితం పట్టుకుని వెళితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది. వీలైనంతవరకు పరీక్షలు ఒకే లేబొరేటరీలో చేయించండి. మందు మొదలుపెట్టడం, ఆపడం, మోతాదు మార్చడం మాత్రం మనం రిపోర్టు చూసి చేసే పనులు కావు.

చేసి చూడండి

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి, పది నిమిషాలు కదలకుండా కూర్చున్న తర్వాత ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. పెద్దవారిలో 60 నుండి 100 వరకు మామూలు. తర్వాత చేయి చాపి, వేళ్ళ మీద పలుచని కాగితం పెట్టి అంచును గమనించండి. సన్నని వణుకుంటే కాగితం దాన్ని పెద్దదిగా చూపిస్తుంది. పరీక్ష రోజు భయంతో కూడా చేయి వణుకుతుంది. కాబట్టి తోటివారికి రోగం అంటగట్టకండి!

చివరగా మూడు లెక్కలు. విడి టి-4 హద్దులు 0.8 నుండి 1.8 అనుకోండి.

మొదటి వ్యక్తి: టి.ఎస్.హెచ్. 0.01, టి-4 3.6. నాడి 118. మూడు నెలల్లో 6 కిలోలు తగ్గింది. మెడ వాపు, కళ్ళు పొడుచుకు వచ్చాయి.

రెండో వ్యక్తి: టి.ఎస్.హెచ్. 0.05, టి-4 3.0. నాడి 74. బరువు తగ్గలేదు, వణుకు లేదు. జుట్టు కోసం రోజూ ఒక మాత్ర.

మూడో వ్యక్తి: ఆరు వారాలుగా కార్బిమజోల్ వాడుతున్నాడు. టి.ఎస్.హెచ్. 0.01, టి-4 1.1. నాడి 82.

జవాబులు: మొదటివారి అంకెలూ, ఒళ్ళూ ఒకే మాట చెబుతున్నాయి. అది గ్రేవ్స్ వ్యాధే కావచ్చు, వెంటనే వైద్యం కావాలి. రెండోవారి అంకెలు ఒక మాట, ఒళ్ళు ఇంకో మాట చెబుతున్నాయి. ఆ మాత్రలో బయోటిన్ ఉందేమో చూసి, ఆపి, మళ్ళీ పరీక్షించాలి. మూడోవారికి మందు పనిచేస్తోంది. వాటర్‌మన్ ఇంకా నిద్రలేవలేదు, అంతే!